చలికాలపు లోయలో నడక: ఎండ లెక్క చూసుకుని బయలుదేరండి

ఊరి చివర నుంచి అడవి లోయలోకి దిగే కాలిబాటను చలికాలంలో నడిచి చూడవలసిందే. ఆకులు రాలిపోయాక లోయ తన ఆకారమంతా బయటపెడుతుంది. వేసవిలో చెట్లు పచ్చటి గోడలా అడ్డుపడిన చోట ఇప్పుడు వాగు మలుపులు, ఎదుటి వాలు మీది బండలు, ఎప్పుడో వదిలేసిన పాత బాటలు కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే ఊరి పైకప్పులు కూడా కొమ్మల మధ్య నుంచి తొంగిచూస్తాయి. దీనికి పర్వతారోహణ నేర్చుకోనక్కర్లేదు. ఒక పూట తీరిక, కాళ్లకు మంచి బూట్లు, కొంత ముందుచూపు ఉంటే చాలు.

ఆ ముందుచూపులో మొదటిది వెలుగు లెక్క. మైదానంలో సూర్యుడు క్యాలెండరు చెప్పిన వేళకే ఉదయిస్తాడు, ఆ వేళకే అస్తమిస్తాడు. లోయలో ఆ వేళలు చెల్లవు. తూర్పు కొండ దాటి పైకి వచ్చేదాకా ఎండ పడదు, పడమటి కొండ వెనక్కి జారగానే పోతుంది. ఒకసారి నేను సూర్యాస్తమయం ఐదున్నరకని చూసుకుని ధీమాగా వెళ్లాను. మూడు దాటగానే లోయ అడుగున ఎండ పోయింది. ఐదు కాకముందే చెట్ల కింద బాట ఏదో, రాలిన ఆకులు ఏవో తేడా తెలియలేదు. చివరి కిలోమీటరు ఒక్కొక్క అడుగే తడుముకుంటూ నడిచాను. అప్పటి నుంచి ఈ నడకలో ఏ నిర్ణయమైనా ఎండను బట్టే తీసుకుంటున్నాను. మీకు చెప్పబోయే పద్ధతి అదే.

ముందు రోజు చేయవలసిన పని

లోయ ఏ దిక్కుకు సాగుతుందో పటంలో చూడండి. తూర్పు పడమరలుగా సాగే లోయలో ఒక వాలు ఎండ కాస్తుంటే ఎదుటి వాలు చలికాలమంతా దాదాపు నీడలోనే ఉంటుంది. ఉత్తరార్ధ గోళంలో చలికాలపు సూర్యుడు దక్షిణానికి ఒరిగి తిరుగుతాడు కనుక దక్షిణానికి ముఖం పెట్టిన వాలు వెచ్చన. దక్షిణార్ధ గోళంలో ఇది తారుమారవుతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే లోయలో ఉదయపు ఎండ పడమటి వైపు వాలు మీద పడుతుంది, మధ్యాహ్నం తరువాత తూర్పు వాలుకు మారుతుంది. లోయ అడుగుకు దక్కేది నడిమధ్యాహ్నం చుట్టూ కొన్ని గంటలే.

ఆ కొన్ని గంటలు కూడా దక్కుతాయో లేదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఏడాదిలో అతి చిన్న పగటి రోజున, అంటే ఉత్తరార్ధ గోళంలో డిసెంబరు 21 లేదా 22న, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో తెలియాలంటే 90 నుంచి మీ అక్షాంశాన్ని తీసేసి, వచ్చినదానిలోంచి మరో 23.5 తీసేయండి. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 26.5 డిగ్రీలు. 50 డిగ్రీల దగ్గర 16.5 డిగ్రీలే. మీరు నిలబడే చోటు నుంచి ఎండ వచ్చే వైపు కొండ అంచు అంతకన్నా ఎత్తుగా కనిపిస్తే, ఆ రోజుల్లో అక్కడ ఎండ పొడ కూడా పడదు. అలాంటి చోట్ల మధ్యాహ్నమైనా బాట మీద గడ్డకట్టిన నీరు కరగకుండా ఉంటుంది. పటంలో వాటిని గుర్తు పెట్టుకోండి.

మరో సంగతి చాలామందికి తట్టదు. సాయంత్రం అన్నిటికంటే తొందరగా పొద్దుగూకేది అతి చిన్న పగటి రోజున కాదు, దానికి కొన్ని రోజుల ముందే. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది ఆ తరువాత కొన్ని రోజులకు. కాబట్టి చలికాలపు మొదటి సగంలో వెళ్లేవారు సాయంత్రం విషయంలో, రెండో సగంలో వెళ్లేవారు ఉదయం విషయంలో ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఇక చలి సంగతి. ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందని, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని చదువుకున్నాం. చలికాలపు ఉదయాన లోయ ఈ పాఠానికి ఎదురు తిరుగుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. ఆ బరువైన గాలి నీళ్లలాగే వాలు వెంట కిందికి జారి, లోయ అడుగున మడుగు కడుతుంది. అందుకే తెల్లవారుజామున వాగు ఒడ్డున వేళ్లు కొంకర్లు పోతుంటే, వంద మీటర్లు పైకెక్కిన చోట హాయిగా ఉంటుంది. ఊళ్లోంచి లేచిన పొగ కొంత ఎత్తుకు వెళ్లి, మూత పెట్టినట్టు ఆగిపోయి అడ్డంగా పరుచుకుంటే ఆ చల్లగాలి మడుగు ఇంకా చెదరలేదని అర్థం. పొగ నిటారుగా పైకి పోయి కలిసిపోతున్నదాకా వాగు దగ్గరికి దిగే తొందర పెట్టుకోకండి.

దీన్నిబట్టి దారి క్రమం ఇలా పెట్టుకోండి: ఉదయం ముందుగా ఎండ తగిలే వాలు మీద పైబాట పట్టాలి. మధ్యాహ్నం లోయ అడుగుకు దిగి వాగు వెంట నడవాలి. అడుగున ఎండ పోయేలోపు ఊరి వైపు తిరగాలి. చాలామంది దీనికి విరుద్ధంగా ముందు వాగు వెంట లోపలికి వెళ్లి చివర పైకెక్కుతారు. చలి ఎక్కువగా ఉన్న వేళ చలి ఎక్కువగా ఉన్న చోట తిరిగి, అలసిపోయాక ఎక్కవలసి వస్తుంది.

ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఎనిమిది కిలోమీటర్ల చుట్టు, మొత్తం 300 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. సూత్రం ప్రకారం రెండు గంటల ఆరు నిమిషాలు. అయితే అది ఆరోగ్యవంతుడు మంచి బాట మీద ఆగకుండా నడిస్తే పట్టే సమయం. బురద, జారుడు, బరువైన బట్టలు ఉన్న చలికాలంలో నేను దానికి సగం కలుపుతాను. అంటే మూడు గంటల పది నిమిషాలు. చూడటానికి, కూర్చోవడానికి ఇంకో గంట. తొమ్మిదిన్నరకు ఎండ వచ్చి మూడింటికి పోయే లోయలో ఈ నడకకు సరిపడా వేళ ఉంది, పైన గంటకు పైగా మిగులుతుంది. ఆ మిగులు లేకపోతే చుట్టును కుదించండి.

చివరగా రెండు మూడు రోజుల వాతావరణం వెనక్కి చూడండి. రేపు వాన పడుతుందా అన్నది ఎంత ముఖ్యమో, నిన్నమొన్న పైకొండల్లో పడిందా అన్నదీ అంతే ముఖ్యం. వాగు మట్టం దానిమీదే ఆధారపడుతుంది. ఈదురుగాలి హెచ్చరిక ఉన్న రోజున చెట్ల లోయకు వెళ్లనే వద్దు. ఎండిన కొమ్మలు పైనే చిక్కుకుని ఉండి, గాలికి చప్పుడు లేకుండా రాలతాయి. లోయ పైభాగంలో నిటారు వాలుల మీద మందంగా మంచు పేరుకునే ప్రాంతమైతే అది వేరే శిక్షణ కావలసిన నడక. ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ. ఈ మార్గదర్శి అలాంటి చోట్లకు చాలదు.

ఏమి వేసుకోవాలి, ఏమి మోయాలి

ఒకే మందపాటి కోటు కన్నా మూడు పలుచటి పొరలు మేలు. ఒంటిని అంటుకునేది చెమటను పీల్చి బయటకు పంపేది, మధ్యలో వెచ్చదనం నిలిపే ఉన్నిది, పైన గాలినీ వాననూ ఆపేది. నూలు బట్టను ఒంటికి ఆనుకుని వేసుకోకండి. నూలు చెమటకు తడిసి చాలాసేపు ఆరదు. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఎక్కుడులో పట్టిన చెమట, ఆగిన ఐదు నిమిషాలకే వీపు మీద చన్నీళ్ల పట్టీలా మారేది ఇందుకే. బయలుదేరినప్పుడు కొద్దిగా చలేస్తున్నట్టు ఉండేలా వేసుకోండి. పది నిమిషాలు నడిచాక సరిపోతుంది. ఎక్కేముందు ఒక పొర తీసేయండి, ఆగిన వెంటనే తొడుక్కోండి. చలి వేసేదాకా ఆగితే పోయిన వెచ్చదనం తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

బూట్ల అడుగున గాడులు లోతుగా ఉండాలి. మేజోళ్లు రెండో జత సంచిలో పెట్టుకోండి. వాగులో ఒక్క అడుగు జారినా ఆ జత విలువ తెలుస్తుంది. మెడ, చెవులు, చేతులు కప్పుకోవాలి. పై జాకెట్టు ఎర్రదో నారింజ రంగుదో అయితే మంచిది. వేటకు అనుమతి ఉన్న ప్రాంతాల్లో చలికాలమే వేట కాలం కావచ్చు. దారి తప్పినా వెతికేవారికి ఆ రంగు దూరం నుంచి కనిపిస్తుంది.

సంచిలో వేడి పానీయం ఉన్న ఫ్లాస్కు, చేతి తొడుగులు తీయకుండా తినగలిగే తిండి, కాగితపు పటం, దిక్సూచి, ఈల, తలకు కట్టుకునే దీపం ఉంచుకోండి. మధ్యాహ్నానికే తిరిగొస్తాం కదా అని దీపం వదిలి వెళ్లకండి. చీకట్లో తడుముకున్న ఆ రోజు నేను వదిలేసింది దాన్నే. ఫోను లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉండాలి. చలికి బ్యాటరీ శక్తి ఉన్నట్టుండి పడిపోతుంది, సగం ఉందనుకున్న ఫోను ఆరిపోతుంది. వెళ్లే దారీ, తిరిగొచ్చే వేళా ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ వేళ దాటితే ఏమి చేయాలో కూడా చెప్పండి.

ఊళ్లో ఒక్క మాట

లోయ గురించి పటం కన్నా ఎక్కువ తెలిసినవారు ఆ ఊళ్లోనే ఉంటారు. నడక మొదలుపెట్టే ముందు ఎవరైనా ఎదురైతే పలకరించండి. "పైబాట ఎలా ఉందండీ?" అని ఊరికే అడిగితే "బాగానే ఉంది" అనే జవాబు వస్తుంది. అడిగే తీరు మార్చండి. "వాగు దాటే వంతెన నిలిచే ఉందాండీ? ఈ వారంలో ఎవరైనా అటు వెళ్లారా? ఎండ ఎన్నింటికి పోతుంది?" అని అడగండి. ఒకసారి ఓ పెద్దావిడ నా చేతిలోని పటం వైపు చూడకుండానే, "వంతెన దాకా వెళ్లకు నాయనా, దానికి ముందు నీడ మలుపు దగ్గర బాటంతా గాజులా ఉంది, పైనుంచి తిరుగు" అన్నారు. పటంలో ఆ మలుపు ఒక వంకర గీత మాత్రమే. నేను పైనుంచి తిరిగాను. ఎదుటి వాలు నుంచి చూస్తే నిజంగానే ఆ మలుపు అద్దం ముక్కలా మెరిసింది.

పొలాల మధ్య నుంచి బాట వెళితే గట్టు మీదే నడవండి. మొలకలు పైకి కనిపించకపోయినా నేలలో విత్తనం ఉండవచ్చు. తెరిచి ఉన్న గేటును తెరిచే, మూసి ఉన్నదాన్ని మూసే వదలండి. పశువులు ఉంటే దూరంగా చుట్టి వెళ్లండి. కుక్క ఎదురైతే పరుగెత్తకండి, కళ్లలోకి చూడకండి, పక్కకు తిరిగి నెమ్మదిగా నడవండి.

లోపలికి అడుగుపెట్టాక

మొదటి పావుగంట కావాలనే నిదానంగా నడవండి. చలికి బిగుసుకున్న కీళ్లు సడలాలి. అంతకన్నా ముఖ్యంగా చెవులు తెరుచుకోవాలి. చలికాలపు ఉదయం లోయలో శబ్దం చాలా దూరం సాగుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉన్నప్పుడు పైకి వెళ్లవలసిన శబ్దం కిందికి వంగి వస్తుంది. ఊరు కనుమరుగైనా అక్కడి మాటలు, గొడ్డలి చప్పుడు పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి. దీన్ని నమ్మి ఊరు దగ్గరేనని దూరం లెక్కవేసుకోకండి.

కాలి కింద ఎప్పుడూ ఒక కన్నుండాలి. రాలిన ఆకులు మెత్తటి తివాచీలా కనిపిస్తాయి, కింద తడి బండో చెట్టు వేరో ఉంటుంది. ఆకుల మీద పాదాన్ని మొత్తంగా ఆనించండి, మడమను మాత్రమే ఆనిస్తే జారుతుంది. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, మోకాళ్లు కొద్దిగా వంచి వేయండి. నీడలో నల్లగా తడిసినట్టు మెరిసే బాట గడ్డకట్టిన నీరు కావచ్చు. ముందు కర్రతో తట్టి చూడండి. చెక్క వంతెనలైతే మరీ జాగ్రత్త. గాలి పైనుంచీ కిందనుంచీ తగలడం వల్ల చుట్టూ నేల బాగున్నా వంతెన మీద ముందుగా మంచు కడుతుంది.

బాగా చలి పడే ప్రాంతాల్లో తెల్లవారినప్పుడు బాట పక్కన తడి మట్టిని వంగి చూడండి. మట్టి పొరను ఏదో కిందనుంచి ఎత్తినట్టు ఉంటుంది. ఆ పొరను వేలితో తొలగిస్తే కింద సన్నటి మంచు సూదులు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. నేలలోని నీరు పైకి లాగబడి, పైపొర దగ్గర గడ్డకడుతూ తన నెత్తి మీది మట్టినీ గులకరాళ్లనూ పైకి మోసుకొస్తుంది. అడుగు వేస్తే కరకరమంటుంది. ఎండ తగిలిన అరగంటకు అంతా కూలి బురదవుతుంది. ఉదయం గట్టిగా ఉన్న బాట మధ్యాహ్నం జారుడవడానికి ఇదొక కారణం.

చెట్ల దగ్గర ఆగండి

పైబాట మీద ఎండ తగిలే చోటు చూసుకుని కనీసం అరగంట కూర్చోండి. నడక వేళకు అదనంగా కలుపుకున్న గంటలో ఇది భాగమే. కింద పరుచుకోవడానికి మందపాటి చాప ముక్క ఉండాలి, చల్లటి రాయి గాలి కన్నా వేగంగా వేడిని లాగుతుంది.

ఇప్పుడు చేతికందే కొమ్మ కొనను విరవకుండా దగ్గరికి లాగి చూడండి. మోడు చెట్టు చచ్చినట్టు కనిపిస్తుంది గానీ వచ్చే వసంతం అప్పటికే అక్కడ తయారై ఉంది. ఈ మొగ్గలు చలికాలంలో పుట్టినవి కావు, పోయిన ఎండాకాలమే చెట్టు సిద్ధం చేసి ఉంచింది. పెంకుల్లాంటి పొలుసుల లోపల మడతలు పెట్టిన లేత ఆకు ఉంటుంది. ప్రతి మొగ్గ కింద ఒక మచ్చ చూడండి, అది ఆకు ఊడిన చోటు. రాలే ముందు చెట్టు ఆ కాడ మొదట్లో ఒక పొరను అడ్డుకట్టి, గాయాన్ని ముందే మూసుకుంది. మచ్చలో కనిపించే చిన్న చుక్కలు ఆకుకు నీరు మోసిన నాళాల గుర్తులు. ఈ మచ్చ ఆకారం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. హార్స్ చెస్ట్‌నట్ చెట్టుకైతే మేకుల రంధ్రాలతో సహా గుర్రపు నాడాలా కనిపిస్తుంది. ఆకులు లేకుండానే చెట్టును పోల్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

కొమ్మ కొన నుంచి వెనక్కి చూపు పోనివ్వండి. ఒక చోట సన్నటి గీతలు దగ్గరదగ్గరగా కొమ్మను ఉంగరంలా చుట్టి ఉంటాయి. నిరుటి కొన మొగ్గను కప్పిన పొలుసులు రాలిన గుర్తు అది. కొన నుంచి ఆ ఉంగరం దాకా పోయిన సీజనులో పెరిగింది, అక్కడి నుంచి తరువాతి ఉంగరం దాకా అంతకు ముందు ఏడాదిది. వేలితో కొలవండి. నేను చూసిన ఒక కొమ్మ ఒక ఏడాది జానెడు పెరిగి, మరుసటి ఏడాది బొటనవేలి గోరంత మాత్రమే పెరిగింది. కరువో, పక్క చెట్టు నీడో, పురుగో, ఏదో జరిగింది. ఒక చెట్టు అయిదేళ్ల కష్టసుఖాలు చేతిలో పట్టుకుని చదవడం నాకు ఈ నడకల్లో అన్నిటికన్నా ఇష్టమైన పని.

అన్ని చెట్లూ మోడుబారవు. ఓక్, బీచ్ జాతుల్లో కొన్ని, ముఖ్యంగా లేత చెట్లు, ఎండిన ఆకులను వసంతం దాకా వదలవు. గాలికి అవి చేసే గలగలను బట్టి ఆ చెట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

కదలకుండా కూర్చుంటే పక్షులు వాటంతట అవే వస్తాయి. చలికాలంలో చిన్న పక్షులు వేర్వేరు జాతులవి కలిసి గుంపుగా తిరుగుతాయి. ఎక్కువ కళ్లుంటే డేగను ముందుగా పసిగట్టవచ్చు, తిండి దొరికే చోటు తొందరగా తెలుస్తుంది. పావుగంట నిశ్శబ్దం తరువాత ఒక్కసారిగా చెట్లన్నీ కిచకిచలతో నిండి, రెండు నిమిషాల్లో గుంపు ముందుకు సాగిపోతుంది. వెంటపడకండి. మళ్లీ కూర్చుంటే మళ్లీ వస్తాయి. వడ్రంగి పిట్ట తట్టే చోటు ఆకులు లేని కొమ్మల మీద ఇప్పుడు తేలిగ్గా దొరుకుతుంది.

బురద మీద అడుగుజాడలు కూడా చూడండి. నాలుగు వేళ్ల ముందు గోళ్ల గుర్తులుంటే కుక్క లేదా నక్క జాతిది కావచ్చు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కనుక సాధారణంగా గోళ్ల గుర్తు పడదు. పెద్ద పాదం తాజాగా కనిపిస్తే ముచ్చట పడుతూ నిలబడక, మాట్లాడుకుంటూ వచ్చిన దారినే వెనుదిరగండి.

వాగు దగ్గర

మధ్యాహ్నానికి దిగారు. వంతెన ఉంటే అదే దారి. లేకపోతే దాటవలసిన అవసరం నిజంగా ఉందా అని ముందు ఆలోచించండి. నీరు మోకాలికి మించితే, లేదా అడుగు రాయి కనిపించనంత మురికిగా పారుతుంటే దాటవద్దు. మెరిసే బండ మీద కన్నా నీటిలోని గులకనేల మీద కాలు నిలుస్తుంది. దాటేటప్పుడు సంచి నడుము పట్టీ విప్పేయండి, పడితే సంచి మిమ్మల్ని ముంచకూడదు. గడ్డకట్టిన వాగు మీద నడవకండి. కింద నీరు పారుతున్న చోట మంచు మందం అడుగడుగుకూ మారుతుంది.

వెనుదిరిగే వేళ

చేయి బారుగా చాచి, అరచేతిని అడ్డంగా పెట్టి, సూర్యుడికీ పడమటి కొండ అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టండి. ఒక్కో వేలు సుమారు పావుగంట. నాలుగు వేళ్లుంటే గంటసేపు ఎండ ఉన్నట్టు. కొండ వాలుగా ఉంటే, సూర్యుడు ఏటవాలుగా దిగుతుంటే లెక్క కొంత మారుతుంది. అయినా పనికొచ్చే అంచనా ఇది. సూర్యుడి వైపు నేరుగా చూడకండి, వేళ్ల అంచు నీడను బట్టి చూసుకోండి. ఇల్లు చేరడానికి ఎన్ని నిమిషాలు కావాలో అంతకన్నా రెండు వేళ్లు ఎక్కువ మిగిలి ఉండగానే తిరగండి. మూడొంతుల చుట్టు మిగిలి ఉన్నా సరే. ఎండ పోయిన పావుగంటలోనే కొండల మీది చల్లగాలి మళ్లీ కిందికి జారడం మొదలవుతుంది. వాగు దగ్గర ఉంటే ముందుగా చీలమండలకు తెలుస్తుంది.

దారి తప్పామన్న అనుమానం వచ్చిన చోటే ఆగండి. ఇంకాస్త ముందుకు వెళితే తెలుస్తుందిలే అనుకోకండి. కచ్చితంగా గుర్తున్న చివరి చోటుకు వెనక్కి వెళ్లండి. వాగు వెంట కిందికి పోతే ఊరు వస్తుందన్న నమ్మకం ప్రమాదకరమైనది. వాగులు జలపాతాల్లోకి, నిటారు గోడల మధ్యకు, ముళ్లపొదల్లోకి దారి తీస్తాయి. చెట్ల మొదళ్ల మీది నాచు చూసి ఉత్తరం పోల్చుకోవచ్చన్న మాటనూ నమ్మకండి. లోయలో తేమ ఎటుంటే నాచు అటు పెరుగుతుంది. పటంలో సమాన ఎత్తు గీతలు వాగును దాటే చోట ఇంగ్లీషు V అక్షరం ఆకారంలో వంగుతాయి, వాటి మొన ఎప్పుడూ ఎగువ వైపే చూపిస్తుంది. దాన్ని బట్టి వాగు ఎటు పారుతుందో సరిచూసుకుని, మీరు ఏ వైపు వాలు మీద ఉన్నారో తేల్చుకోండి.

సహాయం కావాలంటే నిమిషంలో ఆరు ఈలలు వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు వేయండి. మూడు ఈలలు బదులు వస్తే విన్నారని అర్థం. ఉత్తర అమెరికాలో మూడు ఈలలే ఆపద సంకేతం. భారత్‌లో, ఐరోపా దేశాల్లో అత్యవసర నంబరు 112.

తోడున్నవారిని గమనిస్తూ ఉండండి. వణుకు ఆగకపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊరికే తూలడం శరీర ఉష్ణోగ్రత పడిపోతున్న సూచనలు. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రాణాపాయం దాకా పోవచ్చు. "నాకేం కాలేదు" అని వారే అంటారు, ఆ మాట వినకండి. గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు విప్పి పొడివి తొడగండి. నేలకూ ఒంటికీ మధ్య ఏదైనా మందంగా పరవండి. తెలివిగా ఉండి మింగగలిగితే వెచ్చటి తీపి పానీయం పట్టండి. చేతులు కాళ్లు రుద్దకండి, మద్యం ఇవ్వకండి. వణుకుతున్నవారు ఉన్నట్టుండి వణకడం మానేసి మగతలోకి జారితే నయమవుతున్నట్టు కాదు, పరిస్థితి విషమిస్తున్నట్టు. వెంటనే సహాయానికి ఫోను చేయండి.

ఊరు చేరాక

మీ కోసం చూస్తున్నవారికి వచ్చేశామని చెప్పండి. బూట్లను మంటకు దగ్గరగా ఆరబెడితే తోలు పగులుతుంది, అతుకులు ఊడతాయి. లోపలి అట్టలు తీసి, పాత వార్తాపత్రికలు ఉండలు చేసి కుక్కి, గాలి తగిలే చోట ఉంచండి. గంటకోసారి కాగితం మార్చండి.

చిన్న పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి మూడు వేళలు రాయండి: పైబాట మీద ఎండ పడిన వేళ, వాగు దగ్గరికి ఎండ దిగిన వేళ, వాగు మీంచి ఎండ పోయిన వేళ. పెన్సిలుతో రాయండి, చలికి పెన్నులో సిరా కదలదు, తడిస్తే అక్షరం చెదురుతుంది. పక్షం రోజులకోసారి వెళ్లి రాస్తే ఒక చలికాలంలోనే ఆ లోయ వేళలన్నీ మీ చేతిలో ఉంటాయి. నా పుస్తకంలో మొన్నటి నడక కింద ఇలా ఉంది: పైబాట 8.50, వాగు 10.35, వాగు మీంచి పోయింది 2.40, చివరి ఎండ ఎదుటి కొండ మీది ఒంటి చెట్టు మీద 4.05 దాకా.